ఒడ్డెక్కమన్నదెవరు?

పోయిన నెల తొర్రూరులో సమ్మిరెడ్డి సార్‌కు సన్మానం చేశారు. పెద్ద ఫంక్షన్ హాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు, శాలువా మీద శాలువా, వాటన్నిటి కింద చెమటలు కక్కుతూ మా పాత పీఈటీ సార్. పూర్వ విద్యార్థుల తరఫున నన్ను కూడా వేదిక మీద కూర్చోబెట్టారు. జనగామలో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పుకుని బతికే నన్ను మైకు దగ్గరగా కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో నిర్వాహకులకు తెలిసినట్టు లేదు. సార్ గొంతు సవరించుకుని, ఉద్యమం రోజుల్లో తాను చేసిన ఘనకార్యాలన్నీ వరసపెట్టి చెప్పి, చివరికి మా ఫుట్‌బాల్ ఫైనల్ దగ్గర ఆగారు. "ఆ దినం మానుకోటల మా ఆడపిల్లలు గెలిచే ఆటను ఓ ఆంధ్ర రెఫరీ గుంజుకున్నడు. కండ్ల ముంగట ఆఫ్‌సైడ్. జెండ లేవలే! ఇగ మనోళ్లల్ల గూడ ఒక పిల్లకు వరుస తెల్వకపాయె, ఏం జేస్తం" అన్నారు. హాలంతా నవ్వులు, చప్పట్లు. ఆ 'ఒక పిల్ల' మూడో వరుసలోనే కూర్చుని ఉంది. చిట్యాల నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, దాని జిప్పు తెరుస్తూ మూస్తూ ఉంది. పేరు నసీమా. నేను లేచి మైకు అడిగాను. "మేడం, టైమైపోయింది, అన్నం సల్లారుతున్నది" అన్నాడు నిర్వాహకుడు. సరే. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ చెబుతాను. కాగితం మీద అన్నం చల్లారే భయం లేదు కదా.

ఇది చెప్పాలంటే ముందు మా అవ్వ గురించి చెప్పాలి. అవ్వంటే మా నాయినకు తల్లి. పెద్దవంగరలో మా ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి: అవ్వ చుట్ట పొగ, తడి నారు, ఆమె నడుముకు రాసుకునే కర్పూరం నూనె. పొద్దు పొడవకముందే లేచి వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి, రాత్రి అన్నంలో పచ్చి ఉల్లిగడ్డ వేసి సద్ది కట్టుకుని, కొంగు నడుముకు బిగించి బయలుదేరేది. మా దిక్కు ఆడవాళ్లు పొలంలో వరుసగా నిలబడి తలా ఒక పట్టె పట్టుకుని చేసే పనిని మునుం అంటారు. మా అవ్వ మునుం పెద్ద. నాటు వేసేవాళ్లు వంగి, వేసిన నారును తొక్కకుండా వెనక్కి వెనక్కి నడుస్తారు. అవ్వ "జరుగుండ్రే" అని ఒక్క కేక పెడితే వరుస మొత్తం ఒక్కసారే బురదలోంచి కాలు లేపి వెనక్కి వేసేది. చూడడానికి ఒకే మనిషికి బోలెడు కాళ్లున్నట్టు ఉండేది. ఎవరికైనా నడుము పట్టేసినా, కడుపులో తిప్పినా, అవ్వ "నువ్వు ఒడ్డెక్కవే" అనేది. ఆమె పొలం ఒడ్డు మీద కూర్చునేది. రెండు పక్కలవాళ్లు ఆమె పట్టెను చెరిసగం కలుపుకునేవారు. ఒడ్డెక్కినామె ఆ పూటకు మునుంలో లేనట్టే లెక్క. దీనికి తోడు ఇంకో కట్టు ఉండేది, అది అవ్వ పెట్టిందే: ఒడ్డెక్కినామెను ఎవరూ ఒక్క మాట అనకూడదు. అలా ఎవరో ఒకసారి "ఏమే, మంచిగ కూసున్నవ్" అని ఎత్తిపొడిస్తే, ఆమెను ఆ రోజు మధ్యాహ్నం దాకా అవ్వ మాటలతోనే ఎండబెట్టింది. నా నోరు ఎక్కడి నుంచి వచ్చిందని చాలామంది అడుగుతుంటారు. అక్కడి నుంచే.

ఉద్యమం ఊపులో ఉన్న రోజులు. మా డిగ్రీ కాలేజీ తొర్రూరులో. నెలలో సగం రోజులు బంద్. బస్సులు డిపోల్లోంచి కదిలేవి కావు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నాలు వండేవాళ్లు, లారీలకు అడ్డం కూర్చునేవాళ్లు, డప్పులు, పాటలు, బోనాలు, బతుకమ్మలు. పొద్దున్నే ధర్నాకు పోయే ట్రాక్టర్లు పెద్దవంగర మీదుగా పోయేవి. వాటిలో ఒకటెక్కి నేను తొర్రూరు చేరేదాన్ని. ఇంట్లో మాత్రం ధర్నాకు పోతున్నానని చెప్పేదాన్ని, ఎందుకంటే ధర్నాకు అంటే పంపేవాళ్లు, ఆటకు అంటే పంపేవాళ్లు కాదు. ఆడపిల్ల లారీకి అడ్డంగా నడిరోడ్డు మీద కూర్చుంటే ఇంటికి గౌరవం. అదే పిల్ల బంతి వెంట ఉరికితే పరువు తక్కువ. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇప్పుడూ పెద్దగా మారలేదు. మా కాలేజీలో ఆడపిల్లలతో ర్యాలీ తీయించమంటే రెండు నిమిషాల్లో పర్మిషన్ వస్తుంది, ఒక బంతి కొనివ్వమంటే మూడు మీటింగులు పెడతారు.

బంతి కొనిచ్చింది సమ్మిరెడ్డి సారే. ఆ మాట దాచిపెట్టను. "ఊకె రోడ్ల మీద కూసునుడేంది, కాలేజి బంద్ ఉన్నన్ని దినాలు ఆడుండ్రి" అని మమ్మల్ని పోగుచేసింది ఆయనే. బంద్ కాబట్టి మార్కెట్ యార్డు ఖాళీ. పత్తి పింజలు గాలికి దొర్లుతుండే ఆ సిమెంటు గచ్చు పక్కన మట్టి నేలలో మాకు ఆట నేర్పించాడు. ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి పెట్టేవాడు. ఆయన భూములున్న ఇంటి బిడ్డ. మునుం మాటలన్నీ ఆయనకు తెలుసు, బురద ఒక్కటే తెలియదు. పొలం దగ్గర వాళ్లింటి మగవాళ్లు నిలబడేది ఒడ్డు మీద, గొడుగు కింద. ఆ సంగతి ముందు ముందు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మా జట్టులో పొలం ముఖం చూడనిది నసీమా ఒక్కతే. తొర్రూరు బస్టాండు వెనక గల్లీలో వాళ్ల నాయినది, ఆమె మాటలో అబ్బాది, దర్జీ దుకాణం. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, గంజి వాసన, లోపలి నుంచి వాళ్ల అమ్మీ పెట్టే పుల్లటి పప్పు పోపు వాసన, మూడూ కలిసి ఆ గుమ్మంలోనే ఆకలి పుట్టేది. మిగిలిన యూనిఫాం గుడ్డలతో మా అందరికీ మోకాళ్ల కిందికి వచ్చే నిక్కర్లు కుట్టింది ఆయనే. కొలతలు అమ్మీ తీసుకునేది, ఆయన గోడ వైపు తిరిగి రాసుకునేవాడు. "చూడుండ్రి బేటా, కటింగ్‌ల తప్పుంటే నాది. ఆటల తప్పుంటే మీది" అనేవాడు నవ్వుతూ. నసీమాకు ఒక్కటే కోరిక, పీఈటీ కావాలని. జిల్లా జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో క్రీడల కోటా కింద సీటు వస్తుంది. "సీటొస్తే పంపిస్త. ఖుదా కసమ్, పంపిస్త" అని అబ్బా మాటిచ్చాడు. జిల్లా జట్టుకు పేర్లు పంపేది సమ్మిరెడ్డి సార్. అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే ఉమ్మడి జిల్లా కాబట్టి పోటీ కూడా ఎక్కువే. మానుకోటలో జరగబోయే టోర్నమెంటులో బాగా ఆడితే పేరు పంపుతానని సార్ అన్నాడు. నసీమా వెనుక వరుసలో కుడి పక్క. నేను మధ్యలో. వరుసకు కేక పెట్టే పని నాది. నోరున్నదని ఇచ్చిన పని.

ఆఫ్‌సైడ్ అంటే తెలియనివాళ్లకు ఒక్క ముక్క. ఎదుటి జట్టువాళ్లు తమ పిల్లకు బంతి తన్నే సమయానికి, మన గోలు గీతకూ ఆ పిల్లకూ మధ్య మనవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. సాధారణంగా ఒకరు గోల్‌కీపర్, ఇంకొకరు వెనుక వరుసలో ఎవరో. ఇద్దరు లేకపోతే ఆ పిల్ల తప్పు, లైన్స్‌మన్ జెండా లేపుతాడు. కాబట్టి తెలివైన జట్టు ఏం చేస్తుందంటే, సరిగ్గా బంతి తన్నబోయే క్షణంలో వెనుక వరుస మొత్తం ఒక్కసారే ముందుకు అడుగేస్తుంది. వెనకాల గోలు కోసం కాచుకున్న పిల్ల ఒంటరిగా మిగిలిపోతుంది. వల పన్నడమన్నమాట. వరుసలో ఒక్కతి ఆలస్యంగా కదిలినా, వెనకాలే ఉండిపోయినా, వల చినిగినట్టే.

సార్‌కు ఇది మునుంలా కనిపించింది. "గంతే బిడ్డా, మీ అవ్వ నాటేపిచ్చినట్టే. 'జరుగుండ్రి' అంటె అందరు ఒక్కపారి జరగాలె" అన్నాడు. మొదటిరోజు నేను "జరుగుండ్రీ" అని కేక పెట్టానో లేదో, వరుస మొత్తం ఒక్కసారే, ముచ్చటగా, వెనక్కి జరిగింది! పుట్టినప్పటి నుంచి ఆ కేకకు వెనక్కి నడిచిన కాళ్లు మరి. నసీమా ఒక్కతే ముందుకు పోయి నిలబడి, "అరె, అందరు ఎటు పోతున్నరే?" అని వెనక్కి తిరిగి చూసింది. సార్ నెత్తి కొట్టుకున్నాడు. కాళ్లను తిప్పడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత నసీమాకు మునుమంటే ఏమిటో చూపించాలని ఒక ఆదివారం మా పొలానికి తీసుకుపోయాను. అవ్వ ఆమెను తన పక్కనే దింపింది. "దర్జీ బిడ్డవు గదనే, నారును సూదిలెక్క పట్టుకో. గట్ల గాదు, నీ అయ్య సూది గట్ల పడితె అంగి కుట్టినట్టే" అని ఆట పట్టించింది. నసీమా రెండుసార్లు బురదలో కూలబడింది. అవ్వ ఆమెను ఒడ్డెక్కించి, కొంగుతో మూతి తుడిచి, తన సద్దిలోంచి ముద్ద పెట్టింది. "ఒడ్డెక్కితె నేను లెక్కల లేనట్టేనా అవ్వా?" అని అడిగింది నసీమా. "లేనట్టే. నిమ్మలంగ కూసో. నిన్నెవలన్న ఏమన్న అంటె నాకు చెప్పు" అంది అవ్వ. ఆ మాటనే సార్ జట్టులోకి తెచ్చాడు. "ఎవలన్న దెబ్బ తగిలి పడ్డరనుకో, ఆమె గీత దాటి ఒడ్డెక్కాలె. అప్పుడు లెక్కల ఉండదు. మిగిలినోళ్లు వల ఎయ్యొచ్చు" అని సూత్రం కట్టాడు. ఎక్కడ చదివాడు? ఎక్కడా చదవలేదు. పొలంలో నడిచేది మైదానంలో కూడా నడుస్తుందనుకున్నాడు. మేమూ అనుకున్నాం. మాకు నేర్పింది ఆయన కాబట్టి అనుకున్నాం.

ఫైనల్ మానుకోటలో, రైలు పట్టాలకు దగ్గరి మైదానంలో. ఎదుటి జట్టు జనగామ పిల్లలు. గులాల్, జెండాలు, మైకులో ఉద్యమ పాటలు, చెట్ల మీదా గోడల మీదా జనం. రెఫరీ రైల్వే ఉద్యోగి, కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి మానుకోటలో స్థిరపడ్డ పెద్దమనిషి. చివరిదాకా రెండు వైపులా గోలు లేదు. ఇక ఆట ముగుస్తుందనగా జనగామ పిల్లలు ఒక్క ఊపున మీదికి వచ్చారు. నసీమా అడ్డుపడి బంతిని తన్నేసింది, తన్నిన ఊపులో మా గోలు పక్కనే పడిపోయింది. పిక్క పట్టేసింది. బంతి ఎంతో దూరం పోలేదు, మళ్లీ జనగామ పిల్ల కాలికే చిక్కింది. నసీమా లోపల పడి ఉందని నేను వరుసను వెనక్కి లాగబోతున్నాను. పక్క గీత అవతలి నుంచి సార్ గొంతు రైలు కూతను మించి వినిపించింది: "నసీమా, ఒడ్డెక్కు! ఒడ్డెక్కవే! మీరు జరుగుండ్రి! జరుగుండ్రి!" నసీమా మోచేతుల మీద పాక్కుంటూ గోలు గీత దాటి అవతల పడుకుంది. నేను కేక పెట్టాను. వరుస మొత్తం ముందుకు అడుగేసింది, అంత చక్కటి అడుగు మేమెప్పుడూ వేయలేదు. బంతి మా తలల మీదుగా పోయింది. వెనకాల ఒంటరిగా నిలబడ్డ జనగామ పిల్ల దాన్ని అందుకుని, నింపాదిగా గోల్‌లోకి తోసింది. మేం చేతులు లేపి జెండా కోసం చూశాం. జెండా లేవలేదు.

జనం మైదానంలోకి ఉరికారు. రెఫరీ చుట్టూ గుంపు. "అయ్యా, నా మాట వినండి. ఆ అమ్మాయి నన్ను అడక్కుండా గీత దాటి బయటికెళ్లింది. అలా వెళ్తే ఆటలో లేనట్టు కాదండీ, ఆ గీత మీదే నిలబడ్డట్టు లెక్క. కీపరు ఒకరు, ఆ అమ్మాయి ఒకరు, ఇద్దరున్నారు. గోలు సరైందే" అంటున్నాడాయన. "ఏందిరో అండీ గిండీ? ఈడ గూడ మీ అండీనేనా?" అని ఒకడు. మా మాటను సినిమాల్లో ఏళ్లకేళ్లు వెక్కిరించారు, ఆ మంట అందరి కడుపులో ఉంది, నా కడుపులోనూ ఉంది. కానీ వెక్కిరించినవాళ్లు ఎక్కడో ఏసీ గదుల్లో ఉంటే, దొరికినవాడు నిక్కరు వేసుకుని విజిలు మెడలో కట్టుకున్న ఈ ముసలాయన. విజిలు తాడు పట్టి గుంజారు. చొక్కా జేబు చినిగి వేలాడింది. ఆటలో రెండు జట్లూ ఇక్కడివే కదా, జనగామ గెలిస్తే ఆంధ్రకు ఏం ఒరుగుతుంది అని నేను అరిచాను. ఎవడూ వినలేదు. "పిల్లా, నువ్వు పక్కకు పో" అన్నారు. సార్ మాత్రం ఒక కుర్చీ ఎక్కి జై తెలంగాణ నినాదం ఎత్తుకున్నాడు. ఆ నినాదం మా అందరిదీ. అవసరమైతే ప్రాణాలిచ్చేంతగా మాది. దాన్ని ఒక మనిషి తన తప్పు మీద దుప్పటిలా కప్పుకోవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. చివరిసారి కాదని మీకు చెప్పక్కర్లేదు.

తిరుగు ప్రయాణం డీసీఎం వ్యానులో. బయట మేం మోసపోయింది రెఫరీ వల్ల, వ్యాను లోపల మాత్రం ఓడిపోయింది నసీమా వల్ల. ఒకే గోలుకు రెండు కారణాలు, ఎక్కడికి తగ్గది అక్కడ! "నీకు లేచి నిలబడొస్తలేదా? ఆడ పండుకునుడేంది?" అన్నాడు సార్.

నసీమా పిక్క పట్టుకుని కూర్చుని ఉంది. "మీరే గద సార్, ఒడ్డెక్కు అన్నరు."

"నేనన్ననా?"

"అన్నరు సార్" అన్నాను నేను. "ఒక్కసారి గాదు. రెండుసార్లన్నరు. జరుగుండ్రి అని గూడ మీరే అన్నరు."

"వచ్చిందమ్మా లాయరు. నువ్వు జర నోరు మూసుకుంటవా?"

"మూసుకుంట సార్. ముందు మీరన్నది ఒప్పుకోండ్రి."

వ్యానులో మిగతావాళ్లందరూ బయటికి చూశారు. చీకటి పడుతోంది, బయట చూడ్డానికి ఏమీ లేదు, అయినా చూశారు. అందరికీ ఆ కేక వినిపించింది. పేర్లు పంపేది సార్ అని కూడా అందరికీ తెలుసు.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. ధర్నా అని అబద్ధం చెప్పి ఆటకు పోయినందుకు తిట్టడం మరిచిపోయి, చుట్ట పక్కన పెట్టి మొత్తం విన్నది. "ఒడ్డెక్కమన్నదెవలు?" అంది. "సార్" అన్నాను. "మరి ఆ సార్‌ను అడుగుండ్రి. ఎక్కిన పిల్లను అడుగుడేంది?" అంది. నేను ఆ తర్వాత రాజనీతిశాస్త్రంలో పీజీ చేశాను. బాధ్యత గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను. అంతకంటే సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

వారం తిరక్కముందే నేనూ నసీమా మానుకోట పోయి రైల్వే క్వార్టర్లలో ఆ రెఫరీ ఇల్లు వెతికి పట్టుకున్నాం. తలుపు తీసిన ఆయన భార్య మేం ఆ నిక్కర్ల జట్టు పిల్లలమని గుర్తుపట్టి ముందు భయపడింది. తర్వాత కాఫీ ఇచ్చింది. ఆయన ఖాళీ గ్లాసులను గచ్చు మీద పేర్చి, ఇది కీపరు, ఇది నువ్వు, ఇది గీత అని మళ్లీ వివరంగా చెప్పాడు. "దెబ్బ తగిలితే లోపలే ఉండి చెయ్యెత్తాలమ్మా. నేను ఆట ఆపేవాణ్ణి. బయటికెళ్లమని ఎవరు చెప్పారు నీకు?" అని అడిగాడు. నసీమా తన గ్లాసును గీతకు ఇవతలికి జరిపి పెట్టింది. ఆయనే అన్నాడు: "మీ సారు మొన్న వచ్చారు. ఆయనకీ ఇలాగే గ్లాసులు పెట్టి చెప్పాను. అర్థమైందండీ అన్నారు. ఇప్పుడు జనం వేడి మీద ఉన్నారు, నాలుగు రోజులు పోనివ్వండి, నేనే అందరికీ చెప్తాను అన్నారు. మంచాయన." ఆ పెద్దమనిషి జేబు కుట్టించుకున్న అదే చొక్కా తొడుక్కుని, మా సార్‌ను మంచాయన అంటున్నాడు. నాకు గ్లాసు విసిరికొట్టాలనిపించింది.

ఆ నాలుగు రోజులు ఇప్పటికీ గడవలేదు. జిల్లా జట్టుకు పేర్లు పోయాయి. నా పేరు ఉంది, నసీమా పేరు లేదు. "వరుస తెల్వని పిల్లను పంపి జిల్ల ముంగట నా ఇజ్జత్ తీసుకోవాల్నా?" అన్నాడు సార్. "గ్లాసుల సంగతి నాకెర్కే సార్" అన్నాను. ఆయన పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను జిల్లా జట్టుకు పోనని చెప్పి వచ్చేశాను. దానివల్ల నసీమాకు ఒరిగిందేమీ లేదు, నా స్థానంలో ఇంకొకతి పోయింది. దర్జీ దుకాణంలో అబ్బా మిషను ఆపి మా మాట విన్నాడు. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. "కటింగ్‌ల తప్పుంటే దర్జీ ఒప్పుకోవాలె బేటా. లేకుంటే రేపు గుడ్డ ఎవరిస్తరు?" అన్నాడు అంతే. సీటు రాలేదు. నసీమా ఆ మిషను మీదే కొన్నేళ్లు కూర్చుంది. కాజాలు కుట్టింది, గుండీలు వేసింది. ఆటలు లేని ఏళ్లు. రాష్ట్రం వచ్చింది, జిల్లాలు విడిపోయాయి, గులాల్ చల్లుకున్నాం. అందరితో పాటు నేనూ ఏడ్చాను సంతోషంతో. ఆ తర్వాత ఎవరు వేదికలెక్కారో, రోడ్డు మీద లారీలకు అడ్డం కూర్చున్నవాళ్లు ఎక్కడ మిగిలారో మీరూ చూశారు. ఒడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఎప్పుడూ లెక్క ఉండదు, బురదలో ఉన్నవాళ్లకే ఉంటుంది. సార్ మా అవ్వ దగ్గర తీసుకున్నది కట్టులో సగమే. ఒడ్డెక్కమనడం తీసుకున్నాడు. ఎక్కినామెను ఒక్క మాట అనకూడదన్నది ఒడ్డు మీదే వదిలేశాడు.

పెళ్లయ్యాక నసీమా, భర్త ప్రోత్సాహంతో, ఆగిపోయిన చదువు ప్రైవేటుగా పూర్తిచేసి, ఆలస్యంగా, ఎవరి కోటా లేకుండా వ్యాయామ విద్యలో చేరింది. ఇప్పుడు చిట్యాలలో ఒక బడిలో కాంట్రాక్టు పీఈటీ. కావాలనుకున్నది అయింది కదా, ఇంకెందుకు ఈ గొడవ అంటారు కొందరు. దారిలో పోయిన ఏళ్లు ఎవరి ఖాతాలో రాయాలో ముందు చెప్పండి, తర్వాత గొడవ మానేస్తాను.

సన్మానం రోజు భోజనాల దగ్గర సార్‌ను పట్టుకున్నాను. ప్లేటులో మటన్, భుజాన శాలువా. "సార్, నాలుగు రోజులు అయిపోయినయా?" అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. ముసలితనంలో కూడా కొన్ని మరుపుకు రావు. "ఇంకా గదేనా బిడ్డా? ఆ రెఫరీ గూడ పోయిండు. ఇప్పుడు చెప్పి ఎవరికేం లాభం?" అన్నాడు. నా పక్కన నసీమా ఉంది. ఆమె మాట్లాడుతుందని నేను అనుకోలేదు. "సార్, నా గురించి మీరు ఏమన్న చెప్పుకోండ్రి. అలవాటైపోయింది" అంది. "రెఫరీ సాబ్ తప్పు చేసిండని మాత్రం మళ్ల మైకుల చెప్పకుండ్రి. ఆయన సరిగనే ఊదిండు. నేను ఇప్పుడు విజిల్ ఊదుత, నాకు తెల్సు." సార్ ప్లేటులోకి చూస్తూ, "మటన్ తినుండ్రి, సల్లారుతది" అన్నాడు. ఆయన ఇచ్చిన జవాబు అంతే. ఇన్నేళ్లకు.

మొన్న చిట్యాల పోయాను. సాయంత్రం బడి మైదానంలో రెండు జట్లుగా చీలి ఆడపిల్లలు ఆడుతున్నారు. నసీమా మెడలో విజిలుతో మధ్యలో ఉరుకుతోంది. గోలు దగ్గర ఒక పిల్ల పిక్క పట్టుకుని కూలబడింది. ఆమె జట్టు పిల్లలు, గోడ మీద కూర్చున్నవాళ్లు, అందరూ ఒకటే అరుపు: "బయటికి రావే! గీత దాటవే! జల్ది!" ఆ పిల్ల నొప్పికి కళ్లనీళ్లు కారుస్తూనే ఉంది, కానీ ఒక్క వేలంత కూడా జరగలేదు. గీతకు ఇవతలే పడుకుని, చెయ్యి నిటారుగా పైకెత్తి, అరుస్తున్నవాళ్లను కాదు, నసీమానే చూస్తోంది. నసీమా విజిలు ఊదింది. ఆట ఆగింది.

పిక్క రుద్దుతూ నసీమా ఆ పిల్లను అడిగింది, "ఒడ్డెక్కమన్నదెవరే?"

"అందరు, మేడం" అంది పిల్ల.

"మరెందుకు ఎక్కలే?"

"మీరు అనలే గద" అంది ముక్కు ఎగబీలుస్తూ.

"నేను అన్నా ఎక్కకు" అంది నసీమా.